వజ్ర అంటే విమానమా, ఫిరంగా?

పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకు, తెలుగు పత్రికల, చానళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ

గుంటూరు

అయ్యా, అమ్మా,

నమస్కారం. బెజవాడలో అచ్చయిన గైడు శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పిల్లల చేతుల్లో ఉంటుంది. మీరు రాసిందే వాళ్లకు ప్రమాణం. ఆ గౌరవంతోనే ఇన్నాళ్లూ మీ పుస్తకాల్లో, వార్తల్లో ఆయుధాల పేర్లు తప్పుగా వస్తున్న విషయం ఉత్తరాల ద్వారా, ఫోన్ల ద్వారా మీ దృష్టికి తెస్తూ వచ్చాను. ‘వచ్చే ఎడిషన్‌లో చూద్దాం మాస్టారూ’ అన్నారు. వచ్చే ఎడిషన్ రానే వచ్చింది. అట్ట మారింది, ధర పెరిగింది, తప్పులు మాత్రం పొల్లు పోకుండా ఉన్నాయి. చానళ్ల వాళ్లయితే ఆ మాత్రం జవాబు కూడా ఇవ్వలేదు. అందుకే ఇక నలుగురిలో పెడుతున్నాను.

నేను వాయుసేనలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బ్రాడీపేటలో కానిస్టేబుల్, ఎస్సై, అగ్నివీర్, గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లలకు జనరల్ నాలెడ్జి చెబుతున్నాను. నా ఫిర్యాదు యుద్ధ విమానాలు, ట్యాంకులు, హెలికాప్టర్ల పేర్ల గురించి. ‘ఇంతేనా?’ అనుకోకండి. నమూనాకు కొన్ని చూడండి.

ఒక బిట్ బ్యాంకులో ‘జతపరచండి’ అని ఇచ్చారు. ఒకవైపు మిగ్-29, ఎఫ్-16, మిరాజ్-2000, ఫుల్‌క్రమ్. రెండోవైపు రష్యా, అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్. కీలో ఫుల్‌క్రమ్‌కు ఎదురుగా బ్రిటన్ అని ఉంది. ఫుల్‌క్రమ్ అనే విమానం విడిగా ఎక్కడా లేదు. మిగ్-29కే అమెరికా కూటమి అయిన నాటో దేశాలు పెట్టుకున్న పేరది. ఇంకో గైడు భీష్మ ట్యాంకును ‘పూర్తి స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందించినది’ అంది. అది రష్యావాళ్ల టీ-90. లైసెన్సు మీద చెన్నై దగ్గర ఆవడిలో తయారవుతోంది. మరో పుస్తకంలో పదాతిదళాన్ని మోసే సారథ్ వాహనం కాస్తా శరత్ అయింది. చేతక్, చీతా, చీతల్ మూడూ వేర్వేరు హెలికాప్టర్లయితే మూడింటికీ ఒకే ఫొటో వేసిన ఘనత ఇంకొకరిది. చైనా క్షిపణి పీఎల్-15లో పీఎల్ అంటే ‘పాకిస్తాన్ లాంచర్’ అని ఒక కరెంట్ అఫైర్స్ నోట్సు సెలవిచ్చింది. పీఎల్ అంటే పిలి, చైనా భాషలో పిడుగు.

ఇవన్నీ అచ్చు తప్పులైతే ఇంత రాద్దును కాదు. పేర్ల వెనక ఒక లెక్క ఉందని తెలియక జరుగుతున్న తప్పులివి. ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. అది పుస్తకంలో రెండు పేజీలు పట్టదు. మీరు ఆ రెండు పేజీలు ఎగ్గొట్టి, బట్టీ పట్టమని నలభై పేజీల జాబితా ఇస్తున్నారు.

అమెరికా సంగతే తీసుకుందాం. 1962కు ముందు అక్కడ నౌకాదళానిది ఒక పద్ధతి, వాయుసేనది ఇంకొకటి. ఒకే ఫాంటమ్ విమానాన్ని వాళ్లు ఎఫ్4హెచ్ అంటే వీళ్లు ఎఫ్-110 అనేవాళ్లు. మెక్‌నమారా రక్షణ మంత్రిగా ఉన్న ఆ ఏడాదే అన్ని దళాలకూ ఒకే పద్ధతి తెచ్చారు, ఆ విమానం ఎఫ్-4 అయింది. అప్పటి నుంచి అక్షరం చూస్తే పని తెలుస్తుంది. ఎఫ్ అంటే ఫైటర్, బి బాంబర్, సి రవాణా, కె గాల్లో ఇంధనం నింపేది, పి సముద్రం మీద గస్తీ తిరిగేది, హెచ్ హెలికాప్టర్, క్యూ పైలట్ లేనిది. మన దగ్గరున్న వాటికి ఇది పెట్టి చూడండి. సి-17 రవాణా విమానం. సీహెచ్-47 చినూక్ బరువులు మోసే హెలికాప్టర్, ఏహెచ్-64 అపాచీ దాడికి వాడే హెలికాప్టర్. పీ-8ఐ గస్తీ విమానం, చివరి ఐ ఇండియా. ఎంక్యూ-9 పలు పనులకు పనికొచ్చే పైలట్ రహిత విమానం. ఈ ఏడు అక్షరాలు వచ్చిన కుర్రాడు ఎన్నడూ వినని పేరు ప్రశ్నపత్రంలో కనిపించినా కంగారుపడడు. మినహాయింపులూ ఉన్నాయి. ఎఫ్-117 పేరుకు ఫైటరే గానీ అది చేసిందల్లా బాంబులు వెయ్యడం.

అదే అమెరికా నేల మీదికొచ్చేసరికి ఇంత శ్రద్ధ పెట్టలేదు. అక్కడ ఎం అంటే మోడల్, అంతే. ఎం1 అనే రైఫిలుంది, ఎం1 అనే హెల్మెట్టుంది, ఎం1 అనే ట్యాంకూ ఉంది. అందుకే పక్కన పేరు చేరుస్తారు. ట్యాంకులకు సేనాపతుల పేర్లు: షెర్మన్, పాటన్, అబ్రామ్స్. పదాతిదళం ఎక్కి వెళ్లే వాహనానికి బ్రాడ్లీ. స్ట్రైకర్ అనే ఎనిమిది చక్రాల వాహనం పేరు మాత్రం సేనాపతిది కాదు. ఒకరు రెండో ప్రపంచ యుద్ధంలో, ఇంకొకరు వియత్నాంలో చనిపోయిన ఇద్దరు మామూలు సైనికులది. ఇద్దరి ఇంటిపేరూ స్ట్రైకరే, చుట్టరికం లేదు. సైన్యం హెలికాప్టర్లకేమో అక్కడి ఆదివాసీ తెగల, నాయకుల పేర్లు: అపాచీ, చినూక్, బ్లాక్ హాక్.

రష్యా దారి వేరు. అక్కడ విమానం పేరులోనే దాన్ని గీసినవాళ్లుంటారు. మిగ్ ఒక మనిషి కాదు, మికొయాన్, గురెవిచ్ అనే ఇద్దరు. సుఖోయ్, తుపొలేవ్, ఇల్యూషిన్, అంతొనోవ్, మిల్, కమోవ్ అందరూ ఇంజనీర్లే. ఫిరంగులకు మాత్రం పూల పేర్లు పెట్టారు. గ్వోజ్దికా, అకాత్సియా, త్యుల్పాన్, పియోన్ అన్నీ పూలే. మనుషుల్ని చంపేవాటికి పూల పేర్లేమిటో నాకెప్పుడూ అంతుపట్టలేదు. రాకెట్ లాంచర్లకు వాతావరణం: గ్రాద్ అంటే వడగళ్లు, స్మెర్చ్ అంటే సుడిగాలి. ఈ రెండూ మన సైన్యంలో ఉన్నాయి. విమాన విధ్వంసక ఆయుధాల్లో మన దగ్గరున్న పెచోరా, షిల్కా, తుంగుస్కా మూడూ రష్యా నదుల పేర్లే.

సోవియట్ కాలంలో వాళ్ల అసలు పేర్లు బయటికి తెలిసేవి కావు. అందుకని అమెరికా, బ్రిటన్, వాటి మిత్రదేశాలు సొంతంగా పేర్లు కట్టాయి. ఫైటరైతే ఎఫ్‌తో, బాంబరైతే బి, రవాణా విమానమైతే సి, హెలికాప్టరైతే హెచ్. పంకాలతో ఎగిరే విమానానికి ఒకే ఊపులో (ఒక్క సిలబుల్‌తో) పలికే పేరు, జెట్‌కు రెండు ఊపుల పేరు. మన ఏఎన్-32 పంకాలది, దానికి క్లైన్. మన ఐఎల్-76 జెట్, దానికి క్యాండిడ్. మిగ్-21 ఫిష్‌బెడ్, మిగ్-29 ఫుల్‌క్రమ్, సుఖోయ్-30 ఫ్లాంకర్ కుటుంబంలోది. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 చూసే ఉంటారు, దాన్ని వాళ్లు బేర్ అన్నారు. అంటే ఎలుగుబంటి. ఈ పేర్లు ఇంగ్లిషువి గనక విమానాలూ అటువైపువే అనుకుని కీ రాసేశారు మనవాళ్లు.

బ్రిటన్ వాళ్లు చాలా ట్యాంకులకు సి అక్షరం పట్టుకున్నారు: క్రూసేడర్, క్రామ్‌వెల్, చర్చిల్, సెంచూరియన్, చీఫ్‌టెన్, చాలెంజర్. 1965 యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్లకు ఎదురునిలిచిన మన సెంచూరియన్లు ఆ వరసలోవే. జర్మన్లవి జంతువులు: లెపర్డ్, ఫుక్స్ అంటే నక్క, గెపార్డ్ అంటే చీతా. స్వీడన్ వాళ్లది అందరికంటే పొందికైన లెక్క. వాళ్ల గ్రిపెన్ అసలు పేరు జాస్-39. జె వేటాడి పోరాడేది, ‘ఏ’ అంటే నేల మీద దాడి చేసేది, ఎస్ నిఘా పెట్టేది, మూడు పనులూ పేరులోనే. స్ట్రిడ్స్‌వాగ్న్ 122 ట్యాంకైతే 12 సెంటీమీటర్ల ఫిరంగి ఉన్నవాటిలో రెండోది. జపాన్ సంవత్సరాన్ని బట్టి పోతుంది. జీరో విమానంలోని సున్నా వాళ్ల 2600వ సంవత్సరం చివరి అంకె, మన లెక్కలో 1940. చైనాలో జె ఫైటర్, హెచ్ బాంబర్, వై రవాణా, జెడ్ హెలికాప్టర్. ఇక్కడ మా పిల్లలు పడే గోతి ఒకటుంది. పాకిస్తాన్ జేఎఫ్-17లో జె చైనా జె కాదు, ఉమ్మడిగా తయారుచేసిన ఫైటర్ అనే ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలవి. చైనాలో దాన్ని ఎఫ్‌సీ-1 అంటారు.

ఇక మనది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు ఒకప్పుడు చక్కటి పద్ధతి ఉండేది. 1961లో ఎగిరిన మారుత్‌ను హెచ్‌ఎఫ్-24 అన్నారు, హిందుస్థాన్ ఫైటర్. గీసింది కుర్ట్ టాంక్ అనే జర్మన్ ఇంజనీరు. విమానం గీసినాయన పేరు టాంక్ అయితే పిల్లలకు ఎలా ఉంటుందో మీరే ఊహించండి. కిరణ్ హెచ్‌జేటీ-16, దీపక్ హెచ్‌పీటీ-32. కొన్న విమానాలకు మన పేర్లు పెట్టే అలవాటూ ఉండేది. మిగ్-29 బాజ్, మిగ్-27 బహదూర్, జాగ్వార్ శంషేర్, ఐఎల్-76 గజరాజ్, ఏఎన్-32 సట్లెజ్, ఎంఐ-17 ప్రతాప్. తర్వాత ఆ అలవాటు సడలింది. రఫేల్‌కు మన పేరు లేదు, అపాచీ అపాచీగానే ఉంది.

దళానికొకరు, సంస్థకొకరు పేర్లు పెట్టుకుంటూ పోయేసరికి ఒకే పేరు ఇద్దరికి దక్కింది. మిరాజ్-2000 వజ్ర, దక్షిణ కొరియా నుంచి తెచ్చి గుజరాత్‌లోని హజీరాలో తయారుచేస్తున్న కె9 స్వయంచాలిత ఫిరంగీ వజ్రే. ధనుష్ జబల్‌పూర్‌లో తయారైన 155 మిల్లీమీటర్ల ఫిరంగి, ధనుష్ ఓడ మీది నుంచి వదిలే పృథ్వీ రకం క్షిపణి కూడా. రుద్ర హెలికాప్టర్, రుద్రమ్ క్షిపణి. భీష్మ ట్యాంకు, భీష్మ్ విమానం నుంచి జారవిడిచే ఆసుపత్రి పెట్టెలు. వెనకటికి లారీ నంబరు చూసి ఏపీ 16 అయితే కృష్ణా, ఏపీ 07 అయితే గుంటూరు అని చెప్పేవాళ్లం. 2019లో కొత్త బళ్లన్నిటికీ ఏపీ 39 వచ్చాక రాష్ట్రం తప్ప ఊరు తెలియడం లేదు. మన ఆయుధాల పేర్లదీ అదే పరిస్థితి, మనవని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. ఇది ఢిల్లీలో తేలాల్సిన సంగతి గనక అక్కడ విడిగా విన్నవించుకుంటాను. కానీ పేరు తికమకగా ఉన్నప్పుడు దాన్ని విడమరిచి చెప్పాల్సింది మీరు. మీరు ఇంకా తికమక చేస్తున్నారు. దానివల్ల ఎవరికేం జరుగుతోందో వరసగా రాస్తున్నాను.

1. పరీక్ష రాసే పిల్లలు. ‘వజ్ర దేని పేరు?’ అని అడిగి ఆప్షన్లలో మిరాజ్, కె9 రెండూ ఇచ్చిన మోడల్ పేపరు మా పిల్లలు తెచ్చి చూపించారు. కీలో ఒకటే ఒప్పు. రెండోది పెట్టినవాడికి తప్పు. తప్పు జవాబుకు మార్కు కోసే పరీక్షల్లో ఇలాంటి బిట్టుకు అలవాటుపడ్డవాడు రెండు వైపులా నష్టపోతాడు. వచ్చే మార్కు రాదు, ఉన్నదాంట్లోంచి కొంత పోతుంది. ఈ పిల్లలెవరనుకుంటున్నారు? పల్నాడు, బాపట్ల పల్లెల నుంచి వచ్చి అరండల్‌పేటలో గదికి నలుగురు చొప్పున అద్దెకుంటున్నవాళ్లు. మిరపకోతలకెళ్లిన తల్లి కూలి డబ్బులతో మీ గైడు కొంటారు. కొత్తది కొనలేనివాళ్లు బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాతది కొంటారు, అంటే మీ తప్పు మీరు మర్చిపోయాక కూడా ఏళ్ల తరబడి చేతులు మారుతూనే ఉంటుంది. అరమార్కు తేడాలో ఉద్యోగం పోయినవాడికి మీరు వచ్చే ఎడిషన్‌లో చూద్దామని చెప్పలేరు. వయసు దాటిపోతుంది.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. అగ్నివీర్ కావాలనుకునే కుర్రాడు శిక్షణలో మొదటిరోజే సుబేదారు ముందు ‘శరత్’ అంటే పక్కనున్నవాళ్లు నవ్వుతారు. వాడు అక్షరం తెలియనివాడు కాదు, మీ పుస్తకం చదివినవాడు.

2. సైనికుల ఇళ్లు. మన జిల్లాల్లో సరిహద్దుల్లో బిడ్డలున్న ఇళ్లు తక్కువేం కాదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో ఆ ఇళ్లలో టీవీ కట్టెయ్యలేదు. వీడియో గేమ్ దృశ్యాలు నిజం యుద్ధమని తిరిగాయి, ప్రభుత్వ నిజనిర్ధారణ విభాగం అవి ఉత్తివని చెప్పాల్సి వచ్చింది. ఆ గొడవలో పేర్లు కూడా ఇష్టమొచ్చినట్టు వాడారు. చక్రాలున్నా గొలుసులున్నా ప్రతిదీ ట్యాంకే, రెక్కలున్న ప్రతిదీ యుద్ధ విమానమే. రవాణా విమానం సాంకేతిక లోపంతో ఎక్కడో దిగితే ‘యుద్ధ విమానం కూలింది’ అని స్క్రోలింగ్ వేస్తే, కొడుకు ఫైటర్ స్క్వాడ్రన్‌లో ఉన్న తల్లి ఆ రాత్రి ఎలా గడుపుతుందో వార్త రాసే డెస్కులో ఒకరైనా ఆలోచించాలి. కొడుకు సైనికుల్ని మోసే బీఎంపీ వాహనం నడుపుతుంటే ‘ట్యాంకు మీద దాడి’ అన్న వార్త చూసి మావాడు కాదులే అనుకున్న తండ్రికీ అంతే. పేరు సరిగ్గా చెబితే ఎవరు భయపడాలో, ఎవరికి అక్కర్లేదో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

3. ఊళ్లో జనం. 2022 డిసెంబరు 29న కొరిసపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన ట్రయల్ చేసింది. అత్యవసరంలో విమానాలు దిగడానికి కట్టిన రహదారి ముక్క అది. సుఖోయ్, తేజస్ కిందికి వచ్చి లేచిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వాయుసేన, నౌకాదళం హెలికాప్టర్లు డాబాల మీదికి తిండి అందించాయి. ఆ రోజుల్లో ఒక చానల్ వాటిని ‘యుద్ధ హెలికాప్టర్లు’ అంది. నీళ్లలో మూడు రోజులుగా ఉన్నవాళ్లకు కావలసిన మాట అది కాదు. ఏది దేనికొచ్చిందో పేరుతో సహా చెబితే జనానికి ధైర్యం, పిల్లలకు చదువు.

4. తయారుచేసినవాళ్లు. సారథ్ అసలు రష్యా బీఎంపీ-2. మన తెలుగునేల మీద, మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారైంది. ఆ మాట ఒక్క గైడులో లేదు. టీ-90ను స్వదేశీ అన్న పుస్తకమే నిజంగా ఇక్కడ గీసిన అర్జున్‌ను ‘రష్యా సహకారంతో’ అంది. లేని గొప్ప అంటగట్టి, ఉన్న గొప్ప ఊడబెరికారు.

నేను అడుగుతున్నవి ఇవి. రక్షణ రంగం అధ్యాయానికి ముందు దేశాలవారీగా పేర్ల పద్ధతి రెండు పేజీల్లో ఇవ్వండి. ప్రతి ఆయుధానికీ మూడు గళ్లు పెట్టండి: తయారుచేసిన దేశం పెట్టిన పేరు, మన దళం పెట్టిన పేరు ఉంటే అది, నాటో పేరు ఉంటే అది. నాటో పేరని విడిగా రాయండి. లైసెన్సు మీద తయారైనదాన్నీ, ఇక్కడే రూపొందించినదాన్నీ కలపకండి. రెండు జవాబులున్న బిట్లు తీసెయ్యండి. ఇప్పటికే అమ్మిన పుస్తకాలకు సవరణ పత్రం ఒకటి అచ్చువేసి షాపుల్లో ఉచితంగా ఉంచండి, పాతవి కొన్నవాళ్లకు కూడా అందేలా.

సంపాదకులకు అడిగేది ఇంకా తక్కువ. డెస్కులో గోడకు అంటించుకునేంత ఒక కాగితం చాలు: ట్యాంకు ఏది, సైనికుల్ని మోసే వాహనం ఏది, ఫిరంగి ఏది, ఫైటర్ ఏది, రవాణా విమానం ఏది. అనుమానమొస్తే ‘వాయుసేన విమానం’ అనో, ‘సైనిక వాహనం’ అనో ఊరుకోండి, అందులో చిన్నతనం లేదు. తప్పు వేస్తే మర్నాడు అదే పేజీలో సవరణ వెయ్యండి.

‘పేజీలు పెరిగితే ధర పెరుగుతుంది’ అని మీలో ఒకరు ఫోన్లో అన్నారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికిన మిగ్-21 మీ పుస్తకంలో ఇంకా ‘వాయుసేనకు వెన్నెముక’గానే ఎగురుతోంది. అలాంటివి తీసేస్తే రెండు పేజీలకు చోటు దానంతటదే దొరుకుతుంది.

రెండు పేజీల ముసాయిదా నా దగ్గర సిద్ధంగా ఉంది. నా పేరు వెయ్యనక్కర్లేదు, పారితోషికం అక్కర్లేదు. కావాలంటే మీ దగ్గర పనిచేసే రచయితలను గుంటూరు పంపండి, లేదా నేనే బెజవాడ వస్తాను. ఈ నోటిఫికేషన్ల సీజన్ మొదలయ్యేలోగా సవరణ పత్రాలు షాపులకు రాకపోతే, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏ బిట్టు తప్పో, సరైనదేదో మా పిల్లలు జాబితా తయారుచేసి ఉంచారు. దాన్ని జిరాక్సు తీయించి గుంటూరు, విజయవాడల్లో కోచింగ్ సెంటర్లన్నిటి గేట్ల దగ్గరా పంచుతాం.

ఇట్లు
ఒక మాజీ వాయుసైనికుడు, జీకే మాస్టారు
బ్రాడీపేట, గుంటూరు